తలకిందుల పాఠం

దిల్‌సుఖ్‌నగర్,
2 సెప్టెంబర్ 2024

పూజ్యులైన భానుమూర్తి సారుకు, మీ పాత శిష్యుడు బక్కయ్య పెట్టు దండాలు.

తూర్పు హైదరాబాదు ప్రజలందరికీ డప్పు కొట్టి చాటించడమేమనగా: బస్ డిపో వెనక గల్లీలో వెలసియున్న మా జిరాక్సు దుకాణమందు రెండో నంబరు మిషను నిన్నటి దినమున దగ్గు మానినది. ఆరు నెలలుగా ప్రతి మూడో కాగితాన్ని నమిలి ఉమ్మిన ఈ మిషను వినాయక చవితికి ముందే బుద్ధి తెచ్చుకున్నందున, దానికి బొట్టు పెట్టి, దండ వేసి, ఒక టెంకాయ కొట్టడమైనది. టెంకాయ కుళ్ళినది. ఇది ఎవరి పాపమో తేల్చడానికి నేనూ, టీ బండి ఐలమ్మా సభ్యులుగా ఒక కమిటీ వేయబడినది. కమిటీ రెండు చాయ్‌లు తాగి వాయిదా పడినది.

ఇక నేనెవరో చెప్పాలి. సరూర్‌నగర్ చెరువు పక్కన రేకుల బడి, నాలుగో తరగతి, 1983. తెలుగు వాచకాన్ని తలకిందులుగా పట్టుకుని, పాఠం మొత్తం ఒక్క తప్పు లేకుండా గడగడా చదివి, మీ చేత నాలుగు దెబ్బలు తిన్న తుంటరి గుర్తున్నాడా? ఆ చారిత్రక పురుషుడిని నేనే. నలభై ఏళ్ళుగా ఆ కథ చెప్పి పెళ్ళిళ్ళలో జనాన్ని నవ్విస్తున్నాను. ఒకసారి దినాల భోజనాల్లో కూడా నవ్వించి తిట్లు తిన్నాను.

మొన్న మీ అమ్మాయి విజయశ్రీ దవాఖాన కాగితాలు రెండు సెట్లు తీయించడానికి మా దుకాణానికి వచ్చింది. జిరాక్సు తీసేవాడు కాగితం చదవకూడదని ఒక ధర్మం ఉంది. నాకు లేదు. మీ పేరు కనబడగానే అడిగేశాను.

"అక్కా, నేను బక్కయ్యను. గీ భానుమూర్తి సారు మా రేకుల బడి సారేనా?"

ఆమె కాగితాలు లాక్కోబోయి ఆగింది. "నాన్న ఎవరినీ రానివ్వట్లేదు బక్కయ్యగారూ, ఫోన్ కూడా తీయట్లేదు. మాట బాగుంది, నడక బాగుంది. చదవడమొక్కటే పోయింది. రాయగలరు, రాసింది చదవలేరు. రోజూ ఏదో ఒకటి రాయమన్నారు డాక్టరు. ఎవరికి రాయను అంటారు."

"నాకు రాయమనక్కా. నా అంత పని లేనోడు హైదరాబాదుల ఇంకోడు దొరకడు."

రాయగలరు, చదవలేరు! ఆ మాట రెండు రోజులుగా నా బుర్రలో తిరుగుతూనే ఉంది సారూ. నోరు ఉండి చెవి లేనట్టు. అట్ల ఎట్లయితది?

ఇక్కడి సంగతులు కొన్ని రాస్తాను. మా దుకాణం పై అంతస్తులో చిన్నపిల్లల బడి పెట్టారు. స్వప్న అని టీచరు. అక్కడ అ ఆలు ఎవరూ అరవరు. అందరూ కలిసి "మ్ మ్ మ్" అంటారు, తర్వాత "ప్ ప్ ప్" అంటారు. మొదటి రోజు పైన ఎవరికో పంటినొప్పి లేచిందనుకున్నాను. అడిగితే, "అక్షరం పేరు కాదండీ, మేము అక్షరం చప్పుడు నేర్పిస్తాం" అంది. మన కాలంలో చప్పుడు అక్షరానిది కాదు, బెత్తానిది.

మీకు రాయాలని భాషను ఇస్త్రీ చేసి రాశాను. ముడతలుంటే మన్నించండి. జవాబు రాయకపోతే ఇలాంటి ఉత్తరాలు రోజుకొకటి వస్తాయి, జాగ్రత్త.

మీ
బక్కయ్య (ఏడో తరగతి ఫెయిల్)


ఎల్.బి. నగర్,
11 సెప్టెంబర్

చిరంజీవి బక్కయ్యకు,

నీ ఉత్తరం విజయ చదివి వినిపించింది. మిషను సంగతి రెండుసార్లు చదివించుకున్నాను. నవ్వానని అనుకోకు. వాక్యం ఎక్కడ తప్పిందో పట్టుకుందామని.

ఇది నా చేత్తోనే రాస్తున్నాను. చెయ్యి తన పాటికి తాను రాసుకుపోతుంది. రాసినదాని మీద చూపు పెడితే అది నాకే తెలియదు. మధ్యలో విజయ పిలిచి, ఏం రాస్తున్నానో మరిచిపోతే ఇక అంతే, వెనక్కి వెళ్ళి చూసుకోవడానికి లేదు. చెక్కల వంతెన దాటుతూ, దాటిన చెక్కనల్లా ఊడదీసుకుంటూ పోతున్నట్టు ఉంటుంది.

జులై పదో తారీఖు పొద్దున కాఫీ తాగి పేపరు తీశాను. అంతా ఏదో కొత్త లిపి. "మనకి ఎవరి పేపరు వేశారే?" అని విజయ మీద కేకలేశాను. ఆమె వచ్చి చూసి, "మనదే నాన్నా, తెలుగే" అంది. అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి బక్కయ్యా, నల్లగా, గుండ్రంగా, స్పష్టంగా. పలకవు. కంటికీ మాటకూ మధ్య మెదడులో ఒక దారి ఉంటుందట. రక్తం గడ్డకట్టి అక్కడ తెగిందని డాక్టరు బొమ్మ గీసి చెప్పాడు. బొమ్మ అర్థమైంది. బొమ్మ కింద అతను రాసిన పేర్లు అర్థం కాలేదు.

ఆగస్టులో మహిపాల్ వచ్చాడు, నీ పక్కన కూర్చునేవాడే. కూతురి పెళ్ళికార్డు తెచ్చాడు, వెంట పది మంది పాత విద్యార్థులు. "సార్, మీ నోటితోని ఒక్కసారి చదువుండ్రి, దీవెన లెక్క ఉంటది" అన్నాడు. లేదనలేకపోయాను. కళ్ళజోడు సర్దుకుని, లోపలి కాగితం తీసి, మామూలుగా కార్డుల్లో ఉండే మాటలేవో మొదలుపెట్టాను. అందరూ ఒక్కసారిగా నవ్వారు. "సారు మన బక్కయ్య లెక్క చేస్తుండు రో!" అని మహిపాల్ చప్పట్లు కొట్టాడు. కార్డు తలకిందులుగా పట్టుకున్నానట. నేనూ నవ్వాను. వాళ్ళు వెళ్ళాక తలుపేశాను. మళ్ళీ ఎవరికీ తీయలేదు.

నువ్వు చేసింది తుంటరితనం. నేను చేసింది అది కాదు.

నీకు కాగితాల వాళ్ళతో పరిచయం ఉంటుంది కనుక ఒక పని అప్పజెబుతున్నాను. నా దగ్గర రెండు అలమారల పుస్తకాలున్నాయి. దీపావళి లోపు తూకం వేసుకుని పోయే మనిషిని పంపు. రోజూ వాటి ముందు నుంచి నడవడం కష్టంగా ఉంది. నువ్వు రావద్దు. మనిషిని పంపితే చాలు.

ఆశీస్సులతో,
భానుమూర్తి


దిల్‌సుఖ్‌నగర్,
19 సెప్టెంబర్

సారుకు దండాలు.

మొన్న బాలాపూర్ వినాయకుడి లడ్డూ వేలంపాట చూసి వచ్చి గొంతు పోగొట్టుకున్నాను. నేను పాడలేదు, పాడేవాళ్ళను ఎగదోశాను. నోరు పనిచేయనందువల్ల చేతితో తిడుతున్నాను.

మీ పుస్తకాలు తూకానికి వేస్తే తిన్నగా మిర్చి బజ్జీల బండికి పోతాయి. పద్యంలో చుట్టిన బజ్జీ ఎవరికరుగుతుంది? మనిషిని పంపను. పైగా, మీరు ఉద్యోగం నుంచి దిగారేమో గానీ నేను మీ శిష్యరికం నుంచి దిగలేదు. నాకొక చిక్కు వచ్చి పడింది. అది విప్పి, ఆ తర్వాత అలమారలు ఏమైనా చేసుకోండి.

టీ బండి ఐలమ్మకు మనవరాలుంది, సంతోషి. రెండో తరగతి. బోర్డు మీద ఏది రాసినా ముత్యాల్లా దించుతుంది. మా దుకాణం బోర్డు చూసి రాసింది, ఫోన్ నంబరుతో సహా. "ఏం రాసినవ్ బిడ్డా?" అంటే మాత్రం కాగితం చూడదు, నా మొహం చూస్తుంది. ఒక్క అక్షరం రాదు సారూ! ఇంకో పిల్ల చదివింది ఒక్కసారి వింటే చాలు, మొత్తం అప్పజెబుతుంది. ఇంకా అడిగితే కోతిచేష్టలు చేసి నవ్విస్తుంది. బడివాళ్ళు "అల్లరి ఎక్కువ" అని డైరీలో రాసి పంపారు.

స్వప్న టీచరు చప్పుళ్ళ పద్ధతి పెట్టి చూసింది. చప్పుళ్ళు బ్రహ్మాండంగా చేస్తుంది, కాగితం చూపిస్తే మూగ. ఫోన్‌లో ఒక యాప్ పెట్టి చూశాం. అక్షరం ముట్టుకుంటే అది పాట పాడుతుంది, తప్పు ముట్టుకున్నా "శభాష్" అంటుంది. అట్లాంటి సారు నాకు దొరికి ఉంటే కలెక్టరునయ్యేవాడిని.

చూసి రాయగలదు, చదవలేదు. ఇది ఎక్కడో విన్నట్టు లేదూ? దీనికి మందు ఈ పట్నంలో మీ ఒక్కరి దగ్గరే ఉంటుందని నా లెక్క. చెప్పేదాకా అలమారలకు తాళం.

బక్కయ్య


ఎల్.బి. నగర్,
3 అక్టోబర్

చిరంజీవి బక్కయ్యకు,

అలమారల సంగతి తర్వాత. ముందు ఆ పిల్ల సంగతి.

బోర్డు చూసి దించడం రాయడం కాదు, బొమ్మ గీయడం. విజయ నీ ఉత్తరం చదువుతుంటే నాకు భయం వేసింది. ఇలాంటి పిల్లలు నా చేతుల కింద ఎంతమంది వెళ్ళిపోయారో! ఒక్కరూ గుర్తు రావడం లేదు. చక్కగా రాసే పిల్లవాడికి చదువు రాదని ఏ మాస్టారు అనుమానిస్తాడు?

నాకు అక్షరాలు నేర్పింది మా తాతయ్య, రేపల్లె దగ్గర మా ఊళ్ళో. అరుగు మీద ఇసుక పరిచి, నా చూపుడువేలు పట్టుకుని దిద్దించేవాడు. నోరు "అ" అంటూ ఉండాలి, వేలు తిరుగుతూ ఉండాలి, రెండూ ఒక్కచోటే ఆగాలి. వేలు ముందు ఆగితే మొట్టికాయ. వేలి కొస ఎర్రబడి, అన్నం కలుపుకుంటే పులుసు తగిలి చురుక్కుమనేది. తర్వాత గుణింతాలు, ముప్పై మందిమి ఒకే గొంతుతో. అర్థమేమిటని ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

ట్రైనింగులో చేరాక అదంతా మొరటు పద్ధతి అన్నారు. అక్షరం కాదు, పదం ముందు. పలక బొమ్మ చూపించు, కింద "పలక" అని చూపించు, ఆ పదం మొహం గుర్తుపట్టనీ, తర్వాత ముక్కలు చెయ్యి. మీ తరగతికి నేను చెప్పింది అలాగే. కొన్నాళ్ళకు ఇంకొకరు వచ్చి ఆటలన్నారు, పాటలన్నారు, కార్డులు పంచారు, మాస్టర్లను పిల్లలతో పాటు నేల మీద కూర్చోమన్నారు. మోకాళ్ళు మొత్తుకుంటున్నా కూర్చున్నాను. ఇప్పుడు మీ స్వప్న టీచరు చప్పుళ్ళంటోంది. వచ్చినవాళ్ళందరూ నిన్నటిది తప్పనే అన్నారు. అయినా ప్రతి పద్ధతిలోనూ చాలామంది పిల్లలు ఒకరోజు పొద్దున ఉన్నట్టుండి చదివేశారు. ఎలా చదివారు? గీతల్లోంచి మాట ఎలా లేచి వచ్చింది? నాకు తెలియదు బక్కయ్యా. ముప్పై ఆరేళ్ళు రోజూ ఆ తలుపు తీసినవాణ్ణి, అది ఎలా తెరుచుకుంటుందో ఒక్కసారి చూడలేదు. మూసుకుపోయాక, బయట నిలబడి ఇప్పుడు చూస్తున్నాను.

సంతోషి కన్ను మొరాయిస్తోంది. కన్నును పక్కన పెట్టు. పళ్ళెంలో రవ్వ పోసి, కళ్ళు మూయించి, వేలు పట్టుకుని ఒకే అక్షరం దిద్దించు. నోటితో అనిపించు. రోజుకు ఒక్కటే.

ముందు నేను చేసి చూడని పాఠం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇది మాత్రం చూడకుండా చెబుతున్నాను. నా కళ్ళ సంగతి నీకు తెలుసు కదా.

భానుమూర్తి


దిల్‌సుఖ్‌నగర్,
10 అక్టోబర్

సారుకు దండాలు.

పొట్టి ఉత్తరం. ఐలమ్మ రవ్వ ఇవ్వనంది. "ఉప్మాకు పెట్టుకున్న రవ్వల మట్టి వేళ్ళు పెట్టిస్తవా, సిగ్గు లేదా?" అంది. నేనే కొని తెచ్చాను. ఇక మీ శిష్యురాలు నాకన్నా మొండిది. "ఆ తాత చేసి చూసిండా?" అంది. లేదన్నాను. "మరి నేనెందుకు చెయ్యాలె?" అంది. జవాబు మీరే చెప్పాలి. మీ దగ్గరుందా?

ఒక్క మాట అడుగుతాను, కోప్పడొద్దు. కళ్ళు మూసుకుని చేసే పాఠానికి కళ్ళతో ఏం పని సారూ?

బక్కయ్య


ఎల్.బి. నగర్,
27 అక్టోబర్

చిరంజీవి బక్కయ్యకు,

నీ ఉత్తరానికి నాకు కోపం వచ్చింది. రెండు రోజులు ఉంది. మూడో రోజు విజయను పళ్ళెంలో రవ్వ పోయమన్నాను.

"ఏదో ఒక అక్షరం రాయి, నాకు చెప్పకు" అన్నాను. రాసింది. చూశాను. ఒక వంకర గీత, అంతే. కళ్ళు మూసుకుని ఆ గాడి వెంట వేలు పోనిచ్చాను. ఏమీ లేదు. మళ్ళీ పోనిచ్చాను. వేలు ఒక మలుపు తిరిగి, పైకి లేచి, పక్కకు ఒరిగిందో లేదో, నా నోరు "మ" అంది. నేను అనలేదు బక్కయ్యా. నోరు అంది! డెబ్బై ఏళ్ళ కిందటి ఇసుక నా వేలికి గుర్తుంది. మా తాతయ్య పట్టు కూడా గుర్తుందేమో, మణికట్టు దగ్గర ఎవరో పట్టుకున్నట్టే అనిపించింది. విజయ ఏడ్చింది. నేను ఇంకో అక్షరం రాయమన్నాను.

పది రోజుల పాటు రోజుకు మూడు, నాలుగు. నిన్న మధ్యాహ్నం మజ్జిగన్నం తింటూ, స్టీలు గిన్నె చుట్టూ ఊరికే వేలు తిప్పుతున్నాను. గిన్నె అంచు మీద చుక్కలతో పేరు చెక్కి ఉంటుంది కదా, దాని మీదకు వెళ్ళింది వేలు. మ. తర్వాత ల, దాని కింద ఇంకో ల. కొంచెం పైకి వెళితే ఏత్వం. శ, పక్కన సున్న. తినడం ఆపేశాను.

"విజయా, ఇది మన గిన్నె కాదే!"

"మనదే నాన్నా, చిన్నప్పటి నుంచి చూస్తున్నాను."

"మల్లేశం అని ఉంది చూడు."

ఆమె తీసుకుని చూసింది. మల్లేశం, చంపాపేటలో మేం కిరాయికి ఉన్నప్పటి పక్కింటాయన. ఏ పండక్కో పులిహోర పంపించి ఉంటారు. ముప్పై ఏళ్ళ పైగా వాళ్ళ గిన్నెలో నేను మజ్జిగన్నం తింటున్నాను. కళ్ళు బాగున్న రోజుల్లో ఒక్కసారి కూడా ఆ పేరు చదవలేదు. కళ్ళకు చదువు పోయాక మొదట చదివింది నా దొంగతనం!

ఇద్దరం కడుపు నొప్పి పుట్టేలా నవ్వాం. తర్వాత ఆ పేరు మీద మళ్ళీ మళ్ళీ వేలు నడిపాను. ఎవరో ఎప్పుడో సుత్తితో టకటకా కొట్టి వెళ్ళిన చుక్కలు, ఇప్పుడు నా వేలి కింద ఒక మనిషిని పేరు పెట్టి పిలిచాయి. దీన్నేనా నేను అన్నేళ్ళు మామూలు విషయంలా పిల్లలకు చెప్పింది?

సంతోషికి చెప్పు: తాత చేసి చూశాడు. ఆమె కోసం ఒక రాతి పలక తెప్పించి పెట్టాను. ఆమెను నాకొక ఉత్తరం రాయమను. గట్టిగా అదిమి రాయాలి, గాడి పడాలి. నిన్ను ఒకప్పుడు "రాస్తున్నావా, దున్నుతున్నావా?" అని తిట్టేవాణ్ణి. ఆ తిట్టు వెనక్కి తీసుకుంటున్నాను. దున్నమను.

దీపావళి గడువు వాయిదా వేశాను. రద్దు చేయలేదు. గాడి లేని అచ్చు పుస్తకం మీద వేలు జారిపోతోంది.

భానుమూర్తి


దిల్‌సుఖ్‌నగర్,
5 నవంబర్

సారుకు దండాలు. మీ గిన్నె దొంగతనం చదివి మా గల్లీ అంతా చాటింపు వేశాను. అచ్చు మీద వేలు జారితే దిగులు పడకండి, పుస్తకాల పేజీలు పెద్దగా చేసి తీసే మిషను నా దగ్గరుంది. వేలితో గీత వెంట పోండి, గాడి లేకపోయినా దారి దొరుకుతుందేమో. ఇక్కడ దొరికిన పాత వాచకంలోంచి ఒక పేజీ తీసి పంపుతున్నాను. దీంతోపాటు సంతోషి ఉత్తరం కూడా. తప్పులుంటే దెబ్బలు నాకు వేయండి.

బక్కయ్య

(జతచేసిన కాగితం, పెద్ద అక్షరాలతో)

తాతకు దండం. నేను సంతోషి. రవ్వలో మ రాసిన. నాకు వచ్చింది. కళ్ళు మూస్తేనే వస్తది. నీకు కూడ గట్లనే వస్తదంట. మనమిద్దరం ఒకటే క్లాసు.


ఎల్.బి. నగర్,
18 నవంబర్

చిరంజీవి బక్కయ్యకు,

నువ్వు పంపిన పెద్ద పేజీ మీద వేలు నడిపాను. నాలుగు రోజుల్లో ఏడు వాక్యాలు. చీమ కూడా ఇంతకంటే వేగంగా పోతుంది. కానీ ఏడూ నావే. అలమారలు ఉంటాయి. ఇక ఆ మాట ఎత్తను.

పిల్ల ఉత్తరం విజయకు ఇవ్వలేదు. తలుపు వేసుకుని నేనే చదివాను, మూడు రోజులు పట్టింది. మొదటి రోజు చదివిన ఆనందంలో ఏమీ పట్టించుకోలేదు. రెండో రోజు అనుమానం వచ్చింది. ఏడేళ్ళ పిల్ల వేలికి ఇంత బరువు ఎక్కడిది? మూడో రోజు ప్రతి వాక్యం చివర వేలు ఒక రంధ్రంలో దిగింది. చుక్క పెట్టమంటే కాగితానికి చిల్లు పొడిచే విద్యార్థి నా ముప్పై ఆరేళ్ళలో ఒక్కడే. కన్నయితే మోసపోయేదేమో. వేలు పోలేదు.

సంతోషి లేదు కదూ?

నాకు కోపం లేదు. పాఠం చెప్పించుకోవడానికి ఒప్పుకోని ముసలివాణ్ణి పాఠం చెప్పమని అడిగావు. అది నాకు అర్థమైంది. అర్థం కానిది ఇంకొకటి. దించగలదు, చదవలేదు. ఒకసారి వింటే అప్పజెబుతుంది. అడిగితే నవ్విస్తుంది. ఆ పిల్ల ఎంత నిజంగా ఉందంటే, నేను కొన్ని రాత్రులు ఆమె గురించి దిగులుపడ్డాను. ఇంత సరిగ్గా ఊరికే పుట్టదు. ఎక్కడి నుంచి తెచ్చావు ఆమెను?

పలక ఇక్కడే ఉంది. ఎవరికివ్వాలో చెప్పు.

భానుమూర్తి


దిల్‌సుఖ్‌నగర్,
24 నవంబర్

సారూ,

ఇది అక్కకు ఇవ్వకండి. అట్ట కింద పెట్టి, బాల్‌పెన్నుతో దున్నిన. కాగితానికి నాలుగు ముక్కలే. ఎన్ని రోజులైనా పట్టనీ, మీ వేలితోనే చదువుండ్రి. ఈసారి భాషకు ఇస్త్రీ లేదు.

సంతోషి లేదు. ఐలమ్మకు ఇద్దరు మనవళ్ళు. ఇద్దరికీ చదువు దండిగ వస్తది, బుద్ధే రాదు.

ఆ పిల్లను నేను బడి నుంచే తెచ్చిన. మీ బడి నుంచే.

బోర్డు మీద మీరు రాసేది నేను దించేటోణ్ణి. మీరు "బాగుంది" అని టిక్కు కొట్టేటోళ్ళు. అదేందో నాకు తెల్వదు. మహిపాల్ పక్కన గుసగుసమని చదివేటోడు. నేను వినేటోణ్ణి. ఒక్కసారి వింటే ఉంటుండె.

మీ పద్ధతి తప్పనడం లేదు సారూ. అందరికీ పదాల మొహాలు కనబడ్డయ్. నాకు కనబడలే. అంతే.

ఏడో తరగతి పరీక్షల దొరికిపోయిన. బడి బంద్. పదహారేళ్ళకు చంపాపేటల వెంకట్రావు ప్రెస్సుల చేరిన. పెళ్ళికార్డులు అచ్చేసేటోడు. సీసం అక్షరాలు ఒక్కొక్కటి వేళ్ళతో ఏరి, ఇనుప పట్టీల పేర్చాలె. ఎట్ల పేర్చాలెనో తెలుసా? తలకిందులుగ. అచ్చు పడ్డంకనే సక్కగ కనబడుతది.

కొత్తగ వచ్చినోళ్ళంత పరేషాన్ అయ్యేటోళ్ళు. నేను కాలే. కంటికి ఎన్నడు దొరకని అక్షరం వేలికి దొరికింది. చల్లగ, బరువుగ, అంచులతోని. ఒకనాడు పట్టీ మీద వేలు పెట్టి తడుముతుంటె, నా నోరు "శుభలేఖ" అన్నది. నేను అనలే సారూ. మీరు రాసిన్రు కదా, నోరు అన్నదని. నాకూ అట్లనే.

ఆ సీసం పట్టుకోని నిలబడ్డ. ఎవరికన్న చెప్పాలె అనిపించింది. ఎవరికి చెప్తా? అందరి లెక్కల నాకు ఎప్పుడో వచ్చు. ముప్పై నాలుగేండ్ల తర్వాత మీకు చెప్తున్న.

అందుకే మీరు రాయగలరు, చదవలేరని అక్క చెప్పిననాడు నా మిషను ఆగింది. ఇదేదో నాకు తెలిసిన ఊరే అనిపించింది. దారి వేలి నుంచి ఉంటదేమో అనుకున్న. కాని చెప్పాలంటె నా సంగతి చెప్పాలె. అందుకే ఒక పిల్లను పుట్టించిన.

ఆదివారం వస్తున్న. తలుపు తీయుండ్రి. మల్లేశం గిన్నె నాకియ్యండి, వెతికి ఇచ్చి వస్తా. పలక కూడా నాకే ఇయ్యండి. నాది ఎప్పటి నుంచో బాకీ.

ఇంకొక్క ముక్క. మహిపాల్ కార్డు ముందర మీరు సిగ్గుపడ్డరు కదా. నాలుగో తరగతిల మీరు నన్ను లేపి చదవమన్నరు. ఆ పేజీల బొమ్మ లేదు సారూ. బొమ్మ ఉంటె తెలుస్తుండె. విన్న పాఠం మొత్తం అప్పజెప్పిన. అందరు నవ్విన్రు. ఎందుకు నవ్విన్రో తెల్వలే. "తలకిందులుగా పట్టుకుని చదువుతావా తుంటరి వెధవా" అని మీరన్నరు. అప్పుడు తెలిసింది.

చెయ్యి మండింది. కాని పాణం నిమ్మళమైంది. మీరు తుంటరి అన్నరు, మొద్దు అనలే. ఆనాటి నుంచి ఆ పేరు నిలబెట్టుకుంటనే ఉన్న.

పెళ్ళిళ్ళల్ల, దినాలల్ల, మీకు రాసిన మొదటి ఉత్తరంల నేను గొప్పగ చెప్పుకున్న ఆ చిలిపి పని నేను ఎన్నడూ చెయ్యలే. పుస్తకం తలకిందులున్నదని నాకు తెల్వనే తెల్వదు. కావాలని చేసిన అన్న ఆ ఒక్క ముక్క మాత్రం మొత్తం నేను కల్పించిందే.

బక్కయ్య